తమ్ముడికి ఇరవై నిమిషాలకోసారి బాత్రూమ్. యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకున్నాం, కెటమిన్ అని ఇప్పుడు తెలిసింది

గోదారి అక్క (శనివారం, రాత్రి 11.20)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా తమ్ముడికి 24 ఏళ్లు. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చేసి రెండు నెలల క్రితం వచ్చాడు. హైదరాబాద్‌లో దిగిన రోజు బస్సుకి టికెట్లు తీస్తానంటే వద్దన్నాడు, రైలే కావాలన్నాడు. బోగీ చివర, బాత్రూమ్ పక్క బెర్త్ అడిగి మరీ మార్పించుకున్నాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక చూస్తే ఇరవై నిమిషాలకోసారి లేస్తున్నాడు. రాత్రి పది పన్నెండుసార్లు. వెళ్లినప్పుడల్లా పళ్లు బిగబట్టి గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. ఇక్కడ ఒక డాక్టర్ గారు యూరిన్ ఇన్ఫెక్షన్ అని మూడు కోర్సులు యాంటీబయాటిక్స్ రాశారు. కల్చర్ టెస్టులో ఏమీ పెరగలేదు. షుగర్ లేదు, రాళ్లు లేవు. మొన్న మంగళవారం రక్తం పడింది.

ఈరోజు వాడి సూట్‌కేసు సర్దుతుంటే లోపలి జిప్పులో అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ కవర్లు కనిపించాయి, ఆరో ఏడో. అన్నీ ఖాళీవే, అంచుల్లో తెల్లపొడి అంటుకుని ఉంది. అడిగితే గంటసేపు నోరు విప్పలేదు. తర్వాత "కెటమిన్ అక్కా. అక్కడ కెట్ అంటారు. మందు కంటే చవక, హ్యాంగోవర్ ఉండదని మొదలుపెట్టాను" అన్నాడు. ఏడాదిన్నర నుంచి తీసుకుంటున్నాడట.

ఈ మూత్రం బాధకీ దానికీ సంబంధం ఉందా? డాక్టర్‌కి నిజం చెబితే పోలీసులకు చెప్పేస్తారా? నాన్నకి ఇంకా తెలియదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

మత్తు డాక్టర్, కరీంనగర్ (శనివారం, రాత్రి 11.52)

అమ్మా, సంబంధం ఉంది. కచ్చితంగా ఉంది. రేపు ఆదివారం అని ఆగకండి. రక్తం ధారగా పడినా, గడ్డలు వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, నడుం పక్కన నొప్పితో జ్వరం వచ్చినా ఈ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అలా లేకపోతే సోమవారం పొద్దున్నే యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లి, లోపలికి అడుగుపెట్టగానే కెటమిన్ మాట చెప్పండి. ఆ ఒక్క మాట దాచిపెట్టినందుకే మూడు కోర్సులు వృథా అయ్యాయి.

నేను రోజూ చేత్తో పట్టుకునే మందు ఇది. దీన్ని తిట్టడానికి నాకు మనసు రాదు. 1962లో అమెరికాలో, డెట్రాయిట్‌లోని పార్క్ డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే కెమిస్ట్ తయారుచేశాడు. అంతకుముందున్న పీసీపీ అనే మత్తు ఇస్తే రోగులు గంటల తరబడి మతి తప్పినట్టు ప్రవర్తించేవారు. అందుకే తక్కువసేపు పనిచేసేది కావలసి వచ్చింది. 1970లో అక్కడ అనుమతి వచ్చింది, వియత్నాం యుద్ధంలో గాయపడినవాళ్లకి బాగా వాడారు. మిగతా మత్తుమందుల్లా బీపీని పడగొట్టదు. సరైన మోతాదులో, ఒంటరిగా ఇస్తే శ్వాసని కూడా పెద్దగా తగ్గించదు. కాలిన పిల్లలకి డ్రెస్సింగ్ మార్చేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. 2018లో థాయ్‌లాండ్ గుహలో చిక్కుకున్న 12 మంది పిల్లల్ని, వాళ్ల కోచ్‌ని నీళ్లలోంచి బయటికి తెచ్చారు కదా, ఆస్ట్రేలియాకి చెందిన మత్తు డాక్టర్ రిచర్డ్ హారిస్ వాళ్లకి ఇచ్చింది ఈ కెటమినే.

మరి ప్రమాదం ఎక్కడుంది? టేబుల్ మీద ఉన్న మనిషిని చూస్తే తెలుస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి. కనుగుడ్లు అటూ ఇటూ నెమ్మదిగా ఊగుతుంటాయి. పేరు పెట్టి పిలిస్తే పలకడు, సూది గుచ్చినా తెలియదు. ఒంటికీ మెదడుకీ మధ్య తీగ తెగినట్టు ఉంటుంది. మెలకువ వచ్చేటప్పుడు పెద్దవాళ్లలో కొందరు కేకలు పెడతారు, ఏడుస్తారు, చచ్చిపోయి మళ్లీ వచ్చానంటారు. అందుకని ముందే మిడజోలం అనే మనసుని శాంతపరిచే మందు ఇస్తాం. లాలాజలం ఊరి గొంతుకి అడ్డం పడకుండా ఇంకో ఇంజెక్షన్ ఇస్తాం. కడుపు ఖాళీగా ఉండాలి. పక్కన ఆక్సిజన్, సక్షన్, మానిటర్ ఉండాలి. మనిషి లేచేదాకా నేను కదలను. ఇవేవీ లేకుండా, బీరు తాగిన కడుపుతో, హాస్టల్ గదిలో ఒక్కడే ఉండి పీల్చుకుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

బర్మింగ్‌హామ్ నర్సమ్మ (ఆదివారం, ఉదయం 6.05)

గోదారి అక్కా, మాది ఏలూరు, పన్నెండేళ్లుగా ఇక్కడ యూరాలజీ వార్డులో పనిచేస్తున్నాను. నైట్ డ్యూటీలో బ్రేక్ దొరికితే రాస్తున్నాను.

మీరు రాసిన రైలు ముచ్చట చదివి ఒక్క నిమిషం ఆగిపోయాను. ఇక్కడ మా దగ్గరికి వచ్చే పిల్లలంతా అంతే. ఏ ఊళ్లో, ఏ షాపులో బాత్రూమ్ ఉందో కంఠస్థం చెప్పేస్తారు. సినిమాకి వెళ్లడం మానేస్తారు. కొందరు పెద్దవాళ్ల డైపర్లు కట్టుకుని కాలేజీకి వెళ్తారు. ఇరవై రెండేళ్ల పిల్లలు.

జరిగేది ఏమిటంటే, కెటమిన్ లివర్‌లో విరిగి, ఆ ముక్కలు మూత్రంతో బయటికి పోతాయి. పోయేముందు మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటాయి. లోపలి పొర ఆ ఘాటుకి రోజూ తడుస్తూ పుండు పడుతుంది. పుండు మానేలోపు మళ్లీ తీసుకుంటారు. అలా అలా గోడ మందమై, గట్టిపడి, సంచి ముడుచుకుపోతుంది. మామూలు మనిషికి 400, 500 మిల్లీలీటర్లు పట్టే సంచి కొందరిలో 100 కంటే తక్కువకి పడిపోతుంది. టీ గ్లాసంత. అక్కడ పట్టక ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీలు ఉబ్బుతాయి. బ్యాక్టీరియా లేదు కాబట్టి కల్చర్‌లో ఏమీ రాదు, యాంటీబయాటిక్ ఏం చేస్తుంది పాపం.

డాక్టర్లకే ఈ జబ్బు కొత్త. 2007లో టొరంటోలో తొమ్మిది మంది పేషెంట్ల గురించి రాసినప్పుడు మొదటిసారి దీనికో పేరు వచ్చింది. ఆ రోజుల్లోనే హాంకాంగ్‌లోనూ చూశారు, అక్కడ కుర్రకారులో కెటమిన్ అప్పటికే విపరీతంగా ఉంది. ఇక ఇంగ్లండ్ లెక్క చూడండి: కెటమిన్ మానడానికి చికిత్సలో చేరిన పెద్దవాళ్లు 2014-15లో 426 మంది. 2023-24లో 3,609. చేరనివాళ్లు ఈ లెక్కలో లేరు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. త్వరగా పట్టుకుని పూర్తిగా మానేస్తే చాలామందిలో బాధ తగ్గుతుంది. "తగ్గిద్దాం, వారానికోసారి తీసుకుంటాలే" అంటే కుదరదు. మానకుండా మేం ఏ మందు ఇచ్చినా ఒక చేత్తో కట్టు కడుతుంటే ఇంకో చేత్తో విప్పినట్టే. బాగా ముదిరాక పేగు ముక్క తీసి మూత్రాశయానికి అతుకు వేయడమో, మూత్రాశయం తీసేసి పొట్ట మీద సంచి పెట్టడమో తప్ప దారి ఉండదు.

ఒకప్పటి మాంచెస్టర్ వాసి (ఆదివారం, ఉదయం 9.40)

పేరు చెప్పలేను అక్కా. నేను మానేసి 14 నెలలైంది. మీ తమ్ముడు మీకు చెప్పని సంగతి ఒకటి నేను చెబుతాను.

నొప్పి మొదలయ్యాక మనిషి కెటమిన్ మత్తు కోసం తీసుకోడు. నొప్పి తగ్గడానికి తీసుకుంటాడు. అది నొప్పి చంపే మందే కదా. మూత్రం మంట, దానికి తోడు పక్కటెముకల కింద మెలిపెట్టే కడుపునొప్పి (అక్కడ కే క్రాంప్స్ అంటారు) వస్తుంది. ఆ నొప్పికి వేడినీళ్ల షవర్ కింద గంటలు గంటలు కూర్చున్నాను, పొట్ట మీద చర్మం కమిలిపోయింది. అప్పుడు కొంచెం తీసుకుంటే పది నిమిషాల్లో హాయి. దిగాక నొప్పి ఇంకా ఎక్కువ. మళ్లీ తీసుకోవడం. ఆ గుండ్రంలో ఎనిమిది నెలలు తిరిగాను. శనివారం పార్టీలో మొదలైంది, చివరికి మంగళవారం పొద్దున పళ్లు తోముకోకముందే తీసుకునేదాకా వచ్చింది.

అందరూ గొప్పగా చెప్పుకునే "కే హోల్" (మోతాదు ఎక్కువై ఒళ్లు తెలియని స్థితి) గురించి కూడా చెప్తా. ఒకరోజు అందులో ఉండగా మెట్ల మీద పడ్డాను. ముందు పన్ను సగం విరిగింది. నాకు తెలియదు. నాలుగు గంటల తర్వాత రూమ్మేట్ ముఖం చూసి అరిస్తే అద్దంలో చూసుకున్నా. ఆ మెట్లకి బదులు రోడ్డో, బాల్కనీయో అయ్యుంటే ఈ పోస్టు ఉండేది కాదు.

జ్ఞాపకశక్తి సంగతి. లైబ్రరీలో ఒకే పేజీ నాలుగుసార్లు చదివేవాణ్ణి. అమ్మ ఫోన్లో పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండేది కాదు, "నీకు నా మీద ధ్యాసే లేదురా" అని బాధపడేది. ఇప్పుడు చాలావరకు తిరిగొచ్చింది.

తమ్ముడిని ఇప్పుడు కూడా తీసుకుంటున్నావా అని అడగండి. ఖాళీ కవర్లు దాచుకున్నాడంటే అంచులు గీకి తీసుకున్నాడేమో. నేను గీకాను కాబట్టి అడుగుతున్నాను. తిట్టకుండా అడగండి.

రాయలసీమ రామం (ఆదివారం, ఉదయం 11.15)

అందరూ ఇంత భయపెడుతున్నారు గానీ, అమెరికాలో డిప్రెషన్‌కి డాక్టర్లే కెటమిన్ ఇస్తున్నారు కదా? ముక్కు స్ప్రే కూడా ఉంది. విషమైతే ఎందుకిస్తారు? అసలు తప్పు పెంపకంలో ఉంది. పిల్లల్ని లక్షలు పోసి విదేశాలకి పంపి వదిలేస్తే ఇలాగే అవుతుంది.

మత్తు డాక్టర్, కరీంనగర్ (ఆదివారం, మధ్యాహ్నం 1.30)

రామం గారూ, మొదటి ప్రశ్న మంచిదే. ఎస్‌కెటమిన్ (కెటమిన్‌లోదే ఒక రూపం) స్ప్రేకి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, వేరే మందులకి లొంగని డిప్రెషన్‌కి. కానీ ఆ స్ప్రే పేషెంట్ చేతికివ్వరు. ఆస్పత్రిలో తీసుకుని, బీపీ చూస్తూ, కనీసం రెండు గంటలు అక్కడే కూర్చోబెడతారు. ఆ రోజు బండి నడపనివ్వరు. మొదట్లో వారానికి రెండుసార్లు, తర్వాత ఇంకా తక్కువ. రోజూ గ్రాముల లెక్కన పీల్చడానికీ దానికీ పోలిక లేదు.

ఈ రెంటినీ కలిపి చూసుకుంటే ఏమవుతుందో నటుడు మాథ్యూ పెర్రీ మరణంలో కనిపించింది. 2023 అక్టోబర్ 28న లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి వేడినీళ్ల తొట్టెలో చనిపోయి కనిపించాడు. ఆయన డిప్రెషన్‌కి కెటమిన్ చికిత్స తీసుకుంటున్నమాట నిజమే. కానీ చివరిసారి ఆస్పత్రిలో తీసుకుని వారం దాటింది, ఆ మందు కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోయేది. రక్తంలో దొరికింది ఆపరేషన్‌కి మత్తు ఇచ్చినప్పుడు ఉండేంత. కెటమిన్ ప్రభావమే ప్రధాన కారణమని, నీళ్లలో మునగడం, గుండె జబ్బు, బ్యుప్రెనార్ఫిన్ (నల్లమందు జాతి వ్యసనం మాన్పించడానికి వాడే మందు) తోడయ్యాయని పోస్ట్‌మార్టం చేసినవాళ్లు రాశారు. మరుసటి ఏడాది ఇద్దరు డాక్టర్లతో సహా అయిదుగురి మీద ఆ కెటమిన్ సరఫరా విషయంలో కేసు పెట్టారు.

రెండో మాట మాత్రం వెనక్కి తీసుకోండి. రాత్రి పదకొండు గంటలకి ధైర్యం చేసి రాసిన ఆడపిల్లకి ఇచ్చే జవాబు అది కాదు.

సూరి, హైదరాబాద్ (ఆదివారం, మధ్యాహ్నం 2.10)

ఒక డౌట్ డాక్టర్ గారూ. మా ఆఫీసు కుర్రాళ్లు పబ్బులకి పోతుంటరు. ఎవరన్నా పడిపోతే, ఏం తీసుకున్నడో తెల్వకపోతే ఏం చెయ్యాలె? ఈ మధ్య గులాబీ పౌడర్ అని ఏదో వస్తుందంటున్నరు.

బర్మింగ్‌హామ్ నర్సమ్మ (ఆదివారం, సాయంత్రం 4.25)

సూరి గారూ, మనిషిని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులోకి పోకుండా. ఒంటరిగా వదలొద్దు. నీళ్ల తొట్టి, మెట్లు, బాల్కనీ దగ్గర అసలు ఉంచొద్దు. నిమ్మరసం, మజ్జిగ అని నోట్లో ఏదీ పోయొద్దు, మింగే శక్తి ఉండదు. పిలిస్తే పలకకపోయినా, శ్వాస నెమ్మదించినా, పెదాలు నీలం తిరిగినా 108. ఇక్కడైతే 999. ఏం తీసుకున్నాడో అంబులెన్స్ వాళ్లకి దాచొద్దు.

మద్యం, నిద్రమాత్రలు, నల్లమందు జాతి మందులు తోడైతే శ్వాస ఆగిపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. నల్లమందు జాతి మందులకి విరుగుడైన నాలోక్సోన్ కెటమిన్‌కి విరుగుడు కాదు, అసలు దీనికి విరుగుడే లేదు. అయినా అందుబాటులో ఉంటే ఇవ్వడమే మంచిది, ఆ పొడిలో ఇంకేం కలిసిందో ఎవరికి తెలుసు. గులాబీ పొడిని టూసీ అంటారు. కొకైన్ అని అమ్ముతారు గానీ పరీక్షిస్తే ఎక్కువగా దొరికేది కెటమిన్, ఎండీఎంఏ (ఎక్‌స్టసీ అనే పార్టీ డ్రగ్). రంగు కలుపుతారంతే.

పశువుల డాక్టర్, ఒంగోలు (ఆదివారం, సాయంత్రం 5.00)

చిన్న మాట. దీన్ని "గుర్రాల మందు" అంటుంటే మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు కొందరు "పశువులకే ఏం కాలేదు, మనకేమవుతుంది" అంటున్నారు. మేం ఇచ్చేది ఆపరేషన్‌కి, ఆ జీవికి ఏడాదికోసారో జన్మకోసారో. ఏ కుక్కకీ రోజూ ఇవ్వం.

బెజవాడ వకీలు (ఆదివారం, రాత్రి 8.45)

గోదారి అక్క గారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. మందు వాడానని డాక్టర్‌కి చెప్పుకున్నంత మాత్రాన కేసు అవ్వదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 ప్రకారం మత్తుపదార్థాల వల్ల వచ్చిన మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి.

కెటమిన్ మన దేశంలో 2011 నుంచి ఎన్డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నియంత్రణ చట్టం) కింద ఉంది. 10 గ్రాముల వరకు చిన్న పరిమాణం. 500 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష 10 నుంచి 20 ఏళ్లు. ఇదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది, చాలామందికి తెలియదు. వాడకానికో, చిన్న పరిమాణానికో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకి చేరి పూర్తిచేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు.

బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలకి ఇంకో మాట. అక్కడ 2014 నుంచి ఇది క్లాస్ బీ, అంటే అక్కడి చట్టంలో మత్తుపదార్థాల రెండో తరగతి. దగ్గర ఉంచుకుంటే అయిదేళ్ల దాకా, సరఫరాకి 14 ఏళ్ల దాకా జైలు. డబ్బు తీసుకోకుండా ఫ్రెండ్‌కి కొంచెం ఇచ్చినా సరఫరా కిందికే వస్తుంది. వీసా సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అక్క గారూ, ఆ కవర్లు ఇంట్లో ఉంచుకోకండి.

గోదారి అక్క (సోమవారం, రాత్రి 9.30)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రాత్రి నాన్నకి చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి వాడి మంచం పక్కన కూర్చుని, "పొద్దున్నే నేనూ వస్తానురా" అన్నారు. వాడు నేను పుట్టాక చూడనంత ఏడ్చాడు.

మాంచెస్టర్ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే అడిగాను. గీకాడట. వచ్చాక మొదటి మూడు వారాలు. తర్వాత ఏమీ దొరక్క ఆగాడు, నొప్పికి వేడినీళ్ల సంచి పెట్టుకుని రాత్రంతా కూర్చుంటున్నాడు.

యూరాలజిస్ట్ గారితో లోపలికెళ్లగానే చెప్పాం. ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఇది ముందే చెప్పి ఉంటే" అని ఆగిపోయి, "పర్లేదు, ఇప్పుడైనా చెప్పారు" అన్నారు. స్కాన్‌లో మూత్రాశయం గోడ మందంగా ఉంది. కుడి కిడ్నీ కొంచెం వాచింది. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ నార్మల్. సిస్టోస్కోపీ (సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేయాలన్నారు. మానసిక డాక్టర్ దగ్గరికి కూడా రాసిచ్చారు.

ఒకప్పటి మాంచెస్టర్ వాసి (సోమవారం, రాత్రి 10.10)

అక్కా, మీ నాన్నగారి మాట చదివి నాకూ కళ్లలో నీళ్లొచ్చాయి.

మొదటి నెల కష్టం. మందుకో, హెరాయిన్‌కో ఉన్నట్టు ఒళ్లు వణకడం పెద్దగా ఉండదు. మనసు లాగుతుంది, ఆందోళన, నిద్ర పట్టదు, అన్నీ చప్పగా ఉంటాయి. అక్కడి నంబర్లు ఫోన్లోంచి తీసేయమనండి. డబ్బు కొన్నాళ్లు మీ చేతిలో ఉంచండి. ఆత్మహత్య మాటలు మాట్లాడితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడానికి 14446 ఉంది. నేను రెండూ వాడుకున్నాను.

గోదారి అక్క (మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 7.15)

చాలామంది మెసేజ్‌లు పెట్టి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. నర్సమ్మ గారు విడిగా చెప్పినట్టు ఒక కొలత జగ్గు, ఒక పుస్తకం బాత్రూమ్ కిటికీలో పెట్టాం. వెళ్లినప్పుడల్లా టైము, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది వాడే రాస్తున్నాడు. మొదటి రోజు పేజీ నిండా 50, 60, 45, 70. నిన్నటి పేజీలో రెండుచోట్ల 130 ఉంది. ఆ 130 చుట్టూ నాన్న ఎర్రపెన్నుతో సున్నా చుట్టారు. రాత్రి నాలుగుసార్లే లేచాడు. నొప్పి ఇంకా ఉంది. సిస్టోస్కోపీ గురువారం. వాడికి భయంగా ఉంది, మత్తు ఇస్తారంటే ఇంకా భయపడుతున్నాడు.

మత్తు డాక్టర్, కరీంనగర్ (ఆదివారం, ఉదయం 8.00)

అక్కడి మత్తు డాక్టర్‌కి కూడా కెటమిన్ సంగతి ముందే చెప్పమనండి. ఎంతకాలం వాడాడు, చివరిసారి ఎప్పుడు తీసుకున్నాడు, రెండూ చెప్పాలి. ఆ మందు లేకుండానే మత్తు ఇవ్వొచ్చు, చాలా దారులున్నాయి.

బర్మింగ్‌హామ్ నర్సమ్మ (ఆదివారం, ఉదయం 11.40)

130! అక్కా, ఆ పుస్తకం గురువారం తప్పకుండా తీసుకెళ్లండి. డాక్టర్ అడగకపోయినా చూపించండి. కాఫీ, కూల్‌డ్రింకులు ఇంకా బంద్ చేసే ఉంచండి. నీళ్లు తగ్గించొద్దని తమ్ముడికి చెప్పండి, చిక్కగా పోస్తే మంట ఎక్కువవుతుంది. గురువారం నాకు డే డ్యూటీ, మీ టైమ్ సాయంత్రానికి ఫోన్ చూస్తాను.